వాసన తగిలితే చిన్నతనం ఎందుకు గుర్తొస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సాంబ్రాణి పొగ, కొత్త ఆవకాయ, తొలకరి, పెట్టెలో మడతపెట్టిన పట్టుచీర. వీటిలో ఏదో ఒకటి ముక్కుకు తగిలి చేతిలో పని ఆగిపోవడం మనలో చాలామందికి అనుభవమే. దాని గురించి జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి. ఆరోగ్యం సంగతి వచ్చిన చోట ఇక్కడ చదివింది చాలనుకోకుండా డాక్టర్ని అడగండి.

వాసన తగలగానే పాత సంగతులు అంత వేగంగా ఎలా వస్తాయి?

మెదడులో వాసన దారి వేరు. చూసింది, విన్నది, తాకింది ముందు థాలమస్ అనే మెదడు భాగానికి వెళ్లి, అక్కణ్నుంచి మిగతా భాగాలకు చేరుతుంది. వాసన అక్కడ ఆగదు. ముక్కు లోపల పైభాగాన ఉన్న నాడీకణాలు ఆ కబురును మెదడు అడుగున ఉన్న ఘ్రాణ కందానికి నేరుగా అందిస్తాయి. అక్కణ్నుంచి అమిగ్డాలా, హిప్పోకాంపస్ ఎంతో దూరం లేవు. మొదటిది భయం, ఇష్టం లాంటివి పుట్టే చోటు. రెండోది జ్ఞాపకాలు కట్టే చోటు. అందుకే ముందు మనసు చివుక్కుమంటుంది, ఆ తర్వాత ఎప్పటికో "ఓ, ఇది కుంకుడుకాయ రసం కదా" అని తడుతుంది.

మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు పనిచేస్తాయి. ఒక్కో వాసన వీటిలో కొన్నింటిని కలిపి తట్టి లేపుతుంది, ఆ కలయికనే మెదడు గుర్తుపెట్టుకుంటుంది. ఈ గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో బయటపెట్టారు. 2004లో వైద్య నోబెల్ వాళ్లిద్దరికీ వచ్చింది.

పాత ఫోటో చూస్తే కాలేజీ గుర్తొస్తుంది, వాసనకు మాత్రం మరీ చిన్నప్పటివి వస్తాయి. నా ఒక్కడికేనా?

మీ ఒక్కరికే కాదు. స్వీడన్‌లో 65 ఏళ్లు దాటినవాళ్ల మీద చేసి 2006లో అచ్చయిన పరిశీలనలో ఇదే తేలింది. మాటలు, బొమ్మలు చూపించి అడిగితే వాళ్లకు ఎక్కువగా 11 నుంచి 20 ఏళ్ల మధ్య సంగతులు గుర్తొచ్చాయి. వాసనలు చూపించి అడిగితే పదేళ్లలోపువి ఎక్కువగా వచ్చాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. పదేళ్లలోపు పిల్లలకు దాదాపు ప్రతి వాసనా మొదటిసారి తగిలేదే. 2009లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థ పరిశోధకులు ఒక వాసన మొదటిసారి దేనితో ముడిపడుతుందో దాని గుర్తు మెదడులో ప్రత్యేకంగా ఉంటుందని చూపించారు. తర్వాత వచ్చి పడే ముడులకు అంత బలం ఉండదు.

ఒకే ఇంట్లో పెరిగాం. కర్పూరం వాసనకు నాకు గుడి గుర్తొస్తుంది, తమ్ముడికి జ్వరం గుర్తొస్తుంది. ఎందుకిలా?

పైన చెప్పిన మొదటి ముడి వల్లే. మిమ్మల్ని చంకనెత్తుకుని హారతి కళ్లకద్దించి ఉంటారు. తమ్ముడికి జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కరగబెట్టి ఛాతీకి రాసి ఉంటారు. వాసన ఒకటే, తగిలిన రోజు వేరు. ఇంట్లో ఇలాంటి తేడాలు అడిగి చూడండి, సరదాగా ఉంటుంది. ఫినాయిల్ వాసనకు ఒకరికి రైల్వే స్టేషన్ గుర్తొస్తే ఇంకొకరికి ఆసుపత్రి వరండా గుర్తొస్తుంది.

కర్పూరం ఎత్తాం కాబట్టి ఇక్కడే ఒక హెచ్చరిక. హారతి కర్పూరం బిళ్ల చూడటానికి పంచదార బిళ్లలా ఉంటుంది. చిన్నపిల్లలు మింగితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వాళ్లకు అందని చోట పెట్టండి. పసిపిల్లల ఒంటికి రాసే అలవాటు కూడా మానుకోవడమే మంచిది.

తొలకరి మట్టి వాసన దాదాపు అందరినీ కదిలిస్తుంది. అందులో ఏముంది?

ఎక్కువ భాగం జియోస్మిన్ అనే పదార్థం. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. దీని విషయంలో మనిషి ముక్కు చాలా చురుకు, లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా పసిగడుతుంది. దీనితోపాటు ఎండాకాలమంతా రాళ్లకు, మట్టిగడ్డలకు పట్టిన చెట్ల నూనెలు కూడా కలుస్తాయి. ఈ సంగతిని 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ రాశారు.

ఆ వాసన నేల మీంచి గాల్లోకి ఎలా లేస్తుందో మాత్రం చాలా కాలానికి గాని తెలియలేదు. 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు వేగంగా ఫోటోలు తీసే కెమెరాలు పెట్టి చూశారు. చినుకు పొడినేల మీద పడగానే దాని కింద గాలి బుడగలు చిక్కుకుంటాయి. సోడా గ్లాసులో లాగే అవి పైకి తేలి పగిలి, సన్నటి తుంపరను ఎగజిమ్ముతాయి. చినుకు మెల్లగా పడితేనే ఇది బాగా జరుగుతుంది. జడివానలో ఈ వాసన ఎందుకు పలచబడుతుందో అర్థమైంది కదా. రోహిణి ఎండలకు పగుళ్లిచ్చిన నల్లరేగడి మీద మొదటి నాలుగు చినుకులు పడ్డప్పుడు వచ్చే ఘాటు శ్రావణంలో ఎంత వాన పడ్డా రాదు.

ఇంకో ముచ్చట. చెరువు చేపకు అప్పుడప్పుడు మట్టి వాసన వస్తుందంటారే, అక్కడా ముఖ్యంగా జియోస్మినే. పులుపు తగిలితే అది విరిగి వాసన లేని పదార్థంగా మారుతుంది. చేపను చింతపండు పులుసులో పెట్టిన మన పెద్దవాళ్లకు ఆ రసాయనం పేరు తెలియకపోయినా పని తెలుసు. బీట్‌రూట్‌లో మట్టి వాసన వచ్చేది కూడా దీనివల్లే, అందుకే కొందరు పిల్లలు దాన్ని ముట్టరు.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని బట్టీలో కాచి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించి మట్టి అత్తరు తీస్తారు. హైదరాబాద్ చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాల్లో అడిగి చూడండి. నా ఉద్దేశం అడిగితే, అత్తరు బాగానే ఉంటుంది గాని వానకు ముందు వచ్చే ఆ చల్లగాలి లేకుండా సగమే.

ఆవకాయ పెట్టే రోజు వాసన ముక్కుకు తగిలితే కళ్లు కూడా చెమరుస్తాయి. అది జ్ఞాపకమా, ఆవపిండా?

ఆవపిండి వాటా పెద్దదే. పొడి ఆవపిండికి పెద్ద ఘాటు ఉండదు. మామిడి ముక్కల తడి తగిలాక ఆవాల్లోని మైరోసినేజ్ అనే ఎంజైము పని మొదలుపెట్టి అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే ఘాటు పదార్థాన్ని పుట్టిస్తుంది. ముక్కులో ఆ మంట తెలిసేది వాసన నాడికి కాదు, ముఖమంతా పరుచుకున్న ట్రైజెమినల్ నాడికి. నొప్పి, చల్లదనం, మంట చెప్పేది అదే. అంటే ఆవకాయ రోజున ముక్కు రెండు దారుల్లో కబురు పంపుతోంది: ఒకదాంట్లో పచ్చిమామిడి జీడి, నువ్వులనూనె, మెంతులు, ఇంకోదాంట్లో మంట.

దానికి తోడు ఆ రోజు చుట్టూ ఉండే హడావుడి. మే నెల సెలవులు, కత్తిపీట ముందు ఒక చుట్టం, జీడి తీసి ముక్కలు తుడిచే పని పిల్లలకు, తడి చెయ్యి పెట్టావంటే ఊరుకోనని అరిచే అమ్మమ్మ. మూడో రోజు జాడీ మూత తీసి తిరగగలిపేటప్పుడు వచ్చే వాసన వేరు, మొదటి రోజుది వేరు. మొదటి రోజు ఆవ పచ్చిగా కొడుతుంది. మూడో రోజుకి ఊట దిగి, ఉప్పూ కారం నూనెతో కలిసి వాసన ఒక్కటవుతుంది. కలిపిన పళ్లెంలో వేడన్నం వేసి తిప్పి, తలా ఒక ముద్ద పెట్టించుకున్నవాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. ఇప్పుడు ముక్కలు బజార్లో కొట్టించి, పిండి ప్యాకెట్ తెచ్చి అరగంటలో కలిపేస్తున్నారు. పచ్చడి రుచిలో తేడా ఉండకపోవచ్చు. పిల్లలకు మాత్రం ఆ రోజుతో ముడి పడే వ్యవధి లేదు.

అమ్మ చేతి నెయ్యి వాసన ఎంత ప్రయత్నించినా మా ఇంట్లో రావట్లేదు. ఎక్కడ పోతోంది?

మూడు చోట్ల చూడండి. ఒకటి వెన్న. పెరుగు చిలికి తీసిన వెన్నలో పులిసినప్పుడు పుట్టిన వాసనలుంటాయి. మీగడను నేరుగా కాస్తే అవి రావు. రెండోది మంట. అడుగున గోదారి (నేతి మడ్డి) కాస్త ఎర్రబడేదాకా సన్నసెగ మీద ఉంచి, దించేముందు తమలపాకో మునగాకో వేసేవాళ్లు. మనం తెల్లగా ఉండగానే కట్టేస్తున్నాం. మూడోది మీ ముక్కే. వంటగదిలో పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లకు కొద్ది నిమిషాల్లోనే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. చిన్నప్పుడు మీరు ఆడుకుని బయటినుంచి లోపలికొచ్చేవారు. కాబట్టి ఇంకొకరి చేత కాయించి, మీరు వీధి చివరిదాకా వెళ్లి రండి. ఇది వేళాకోళం కాదు, పనిచేస్తుంది.

కట్టెలపొయ్యి పొగ లేని లోటును మాత్రం ఎవరూ తీర్చలేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలై గ్యాస్ కనెక్షన్లు ఊళ్లలోకి వచ్చాక ఆ పొగ, కిరసనాయిలు స్టవ్ వాసన ఒక తరంతో ఆగిపోతూ వచ్చాయి. నేనైతే ఆ పొగకోసం బెంగపడను. దాన్ని రోజూ పీల్చింది ఆడవాళ్లే, దగ్గిందీ వాళ్లే.

వాసనతో గుర్తొచ్చింది నిజంగా జరిగిందేనా?

ఆ క్షణంలో కలిగిన భావం నిజం. వివరాలను అంత నమ్మకండి. వాసనతో వచ్చే జ్ఞాపకాల్లో ఉద్వేగం పాలు ఎక్కువని, వివరాల్లో మాత్రం ఫోటోతోనో మాటతోనో వచ్చే జ్ఞాపకం కంటే ఎక్కువ కచ్చితంగా ఉండవని పరిశోధనలు చెబుతున్నాయి. కళ్లముందు కదిలేంత స్పష్టంగా ఉంటే అదంతా సరిగ్గా అలాగే జరిగిందనుకుంటాం. వాసన మోసుకొచ్చేది అప్పటి ఒంటి స్థితిని: ఆకలి, నిశ్చింత, భయం, ఎవరిదో ఒడి. ఆ ఖాళీలో గోడ రంగు, చీర రంగు మనం ఇప్పుడు పూస్తాం. మీరూ మీ అక్కా గోడ నీలమా పసుపా అని వాదించుకునే పని లేదు. ఆ మధ్యాహ్నం హాయిగా ఉండేదని ఇద్దరూ అంటే చాలు.

తెలుగు ఊళ్లలో ఆ ఊరికే సొంతమైన వాసనలు ఉన్నాయా?

ఎందుకు లేవు. గుంటూరు మిర్చి యార్డు మీదుగా సీజన్‌లో వెళ్తే ఊరు కనబడకముందే తుమ్ములు చెబుతాయి. మిరప మంటకు కారణమైన క్యాప్సైసిన్‌కు నిజానికి వాసనే లేదు. దుమ్ములో కలిసి అది నాడిని మండిస్తుంది, ఎండుమిరప వాసన వేరే పదార్థాలది. ఆ ఊళ్లో పెరిగినవాళ్లకు మాత్రం రెండూ కలిసి ఒకటే.

అనకాపల్లి చుట్టుపక్కల చలికాలంలో చెరకు పాకం కాగే వాసన పొలాల మీదుగా వస్తుంది. పెనం కింద మండేది చెరకు పిప్పే కాబట్టి పొగలో కూడా తీపి ఉంటుంది. ప్రకాశం జిల్లాలో, ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్టప్రాంతంలో పొగాకు బ్యారన్ల దగ్గర పెరిగినవాళ్లను అడగండి. కర్రలకు కట్టిన పచ్చాకు లోపల వేడికి పసుపు తిరిగేటప్పుడు వచ్చే ఎండుగడ్డి లాంటి తియ్యటి వాసనకు, చుట్ట వాసనకు పోలికే లేదంటారు. రాత్రంతా బ్యారన్‌కు మంట వేస్తూ కూర్చున్న తండ్రి పక్కన నిద్రపోయిన పిల్లలు వాళ్లు. ఆదిలాబాద్ అడవుల్లో వేసవి మొదట్లో రాలిన ఇప్పపువ్వు వాసన ఇంకో లోకం. కొత్తవాళ్లకు పులిసినట్టు, ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. అక్కడ తెల్లవారుజామునే బుట్టలు పట్టుకుని తల్లులతో ఏరడానికి వెళ్లిన గోండు పిల్లలకు అదే ఇల్లు.

పువ్వుల సంగతి? అమ్మ జడలోని కనకాంబరాల వాసన నాకు బాగా గుర్తు.

కనకాంబరానికి వాసన ఉండదు. మీకు గుర్తున్నది దానితో కలిపి కట్టిన మరువం, దవనం, లేదా మల్లెలది అయ్యుంటుంది. జ్ఞాపకం ఎర్రటి రంగును పట్టుకుని, వాసనను దానికి తగిలించింది. పైన చెప్పిన భావం, వివరం లెక్కకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నానమ్మ పెట్టె తెరిస్తే వచ్చే వాసన ఏమిటి? దాన్ని అలాగే దాచుకోవచ్చా?

చాలా ఇళ్లలో అది కలరా ఉండలు, పాత పట్టు, చందనం, పెట్టె చెక్క కలిసిన వాసన. పుస్తకాలు కూడా ఉంటే, కాగితంలోని లిగ్నిన్ విరుగుతూ వెనిలా పోలికలున్న పదార్థాలను వదులుతుంది. పాత పుస్తకంలో తియ్యదనం అక్కడిది.

దాచుకోవడం అంటే ఆవిరిని ఆపడమే. ఉతకని చీరను శుభ్రమైన గాజు సీసాలోనో గట్టిగా మూసే కవర్లోనో పెట్టి, చీకటిగా చల్లగా ఉన్న చోట ఉంచండి. తెరిచిన ప్రతిసారీ కొంత పోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది: రోజూ తెరిచి చూస్తే ఆ వాసన నానమ్మతో కాక మీ ఇప్పటి బీరువాతో ముడిపడటం మొదలవుతుంది. ఏడాదికోసారి తీస్తే చాలు.

కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ పసిపిల్లలకు మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో దాని వల్ల ఎర్రరక్తకణాలు చితికిపోయి కామెర్లు వస్తాయి. ఆ పెట్టెలోని పాతచీరతో బొంతలు కుట్టి ఊయల్లో వేసేముందు బాగా ఉతికి, ఎండలో వేసి, ఆ వాసన పూర్తిగా పోయాకే వాడండి.

పసిపిల్లలకు వాసనలు గుర్తుంటాయా? సాంబ్రాణి వెయ్యడం మంచిదేనా?

పుట్టకముందునుంచే నేర్చుకుంటారు. 2000లో అచ్చయిన ఒక ఫ్రాన్స్ పరిశోధనలో, గర్భిణిగా ఉన్నప్పుడు సోంపు జాతి రుచి తిన్న తల్లుల పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే ఆ వాసన వైపు తిరిగారు. తినని తల్లుల పిల్లలు పట్టించుకోలేదు, లేదా మొహం చిట్లించారు. మన బాలింతలకు పెట్టే వాము, మిరియాలు, వెల్లుల్లి సంగతి దీన్నిబట్టి మీరే ఆలోచించుకోండి.

సాంబ్రాణి సుగంధమే గాని పొగ పొగే. నూనె, సున్నిపిండి, వేడినీళ్లు, మెత్తటి పాతగుడ్డ చాలు, పిల్లకు మీ వాసన కూడా ఉంటుంది. పొగ ముక్కుకు నేరుగా తగిలేలా బుట్ట కింద పిల్లను ఉంచే పద్ధతి వద్దు.

కొన్ని వాసనలు తగిలితే గుండె దడ వస్తుంది. అదీ ఇదేనా?

అదే దారి. ప్రమాదం, చావు, దెబ్బలు తిన్న ఇల్లు వాసనతో తిరిగి రావచ్చు. అప్పుడప్పుడైతే బయట గాలిలోకి వచ్చి, పాదాల కింద నేలను గమనిస్తే తగ్గుతుంది. తరచుగా వస్తున్నా, ఆ వాసన కోసం రోజువారీ పనులు మానుకోవాల్సి వస్తున్నా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

కోవిడ్ తర్వాత వాసనలు సరిగ్గా తెలియడం లేదు. కాఫీ కాలిన రబ్బరులా ఉంది. తిరిగి వస్తుందా?

చాలామందికి వచ్చింది. కొందరికి నెలలు పట్టింది, కొందరికి పూర్తిగా రాలేదు. వాసనలు వికృతంగా మారడం చాలాసార్లు నాడులు మళ్లీ మొలుస్తున్న దశలో కనబడుతుంది. ముక్కులోని వాసన కణాలు జీవితాంతం కొత్తవి పుడుతూనే ఉంటాయి, ఆశ అక్కడే.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో చెప్పిన సాధన ఒకటుంది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం. రోజుకు రెండుసార్లు, ఒక్కోదాన్ని కొద్ది సెకన్లు మెల్లగా, ధ్యాస పెట్టి వాసన చూడాలి. కనీసం 12 వారాలు చెయ్యాలి. మన ఇంట్లో లవంగాలు, నిమ్మతొక్క, నీలగిరి తైలం దొరుకుతాయి, గులాబీకి పన్నీరు సరిపోతుంది. మందు కాదు, ఓపిక. వాసన తెలియనన్నాళ్లూ గ్యాస్ విషయంలో జాగ్రత్త. వంటగ్యాస్‌కు సొంత వాసన ఉండదు, లీకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. అది మీకు తెలియకపోతే ఇంట్లో ఇంకొకరి ముక్కు మీదే ఆధారపడాలి.

అమెరికాలో పుట్టిన మా పిల్లలకు ఈ వాసనలన్నీ ఎలా అందించాలి?

వరుసగా డబ్బాలు తెరిచి "ఇదిగో ఇంగువ, ఇదిగో వాము" అని పాఠం చెప్పొద్దు. వాసన ముడిపడేది పాఠంతో కాదు, ఆ పూట జరుగుతున్న దానితో. వాళ్ల చిన్నతనం వాసనలు వేరే ఉంటాయి, ఉండనివ్వండి. చలికోట్లకు పోపు వాసన పట్టకుండా బీరువా తలుపులు మూసి, గ్యారేజీలో పొయ్యి పెట్టి చేపలు వేయించే నాన్న, మంచు తడిసిన చేతిగ్లవుజులు, శనివారం గుడిలో పులిహోర. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లను కదిలించేది అదే కలయిక. గోదావరి ఒడ్డు వాసన వాళ్లకు మీ కథ మాత్రమే. అరిసెలు కొని పెట్టే బదులు ఒక్క సంక్రాంతికైనా ఇంట్లో పాకం పట్టండి, విరిగినా ఫర్వాలేదు.

మతిమరుపు వచ్చిన అమ్మమ్మ చేత మాట్లాడించడానికి వాసనలు పనికొస్తాయా?

కొంతవరకు. అల్జీమర్స్‌లో వాసన తెలివి ముందుగానే తగ్గడం మామూలు, పార్కిన్సన్స్‌లో కూడా అంతే. కాబట్టి ముక్కు దగ్గర పెట్టగానే కథ మొదలవుతుందని అనుకోకండి. చేతికి ఇవ్వండి: నలిపిన మరువం రెమ్మ, ఒలిచిన నారింజ తొక్క, వేయించిన నువ్వులు. తాకడం, నోట్లో వేసుకోవడం కూడా కలిస్తే అవకాశం పెరుగుతుంది. సాయంత్రాలు చాలామందికి తికమక ఎక్కువవుతుంది, పొద్దుటిపూట కూర్చోండి. "ఇదేంటో చెప్పు అమ్మమ్మా" అని పరీక్ష పెట్టకండి. మీరే "నువ్వులు వేయించారు, వాసన బావుంది కదూ" అనండి. ఆవిడ ఇంకేదో ఊరి సంగతి ఎత్తినా సరిదిద్దకుండా వినండి. ఏమీ అనకపోతే తీసి పక్కన పెట్టి, ఇంకో రోజు ఇంకోటి తీసుకెళ్లండి.